ఆర్‌సీసీ దూలం పగిలాక కూడా స్థితిస్థాపక విశ్లేషణ ఎలా చెల్లుతుంది?

మాది హనుమకొండ. బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం చదివాను. ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ మూలాంశాలను సొంతంగా నేర్చుకుంటున్నాను. వంపు సమీకరణం వరకు ఇబ్బంది లేదు. ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు) దగ్గర ఆగిపోయాను.

మూడు ఆధారాలపై వరుసగా రెండు 6 మీటర్ల స్పాన్‌లు (ఆధారాల మధ్య దూరాలు), మీటరుకు 10 కిలోన్యూటన్ల సమభారం, ఎం20 రకం (20 మెగాపాస్కల్ సంపీడన బలం) కాంక్రీటు. దూలం 230 × 450 మిల్లీమీటర్లు (మా వీధిలో కడుతున్న ఇంటి కొలతే తీసుకున్నాను). ఈఐ (దూలం వంపును ఎదిరించే దృఢత్వం) అంతటా ఒకటే అనుకుని స్థితిస్థాపక విశ్లేషణ చేస్తే మధ్య ఆధారం వద్ద 45 కిలోన్యూటన్-మీటర్ల వంపు భ్రామకం వచ్చింది. భ్రామకాలను అంచెలంచెలుగా పంచి లెక్కించే మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిలోనూ అంతే. కానీ అప్పుడు పైఅంచున తన్యత ప్రతిబలం సుమారు 5.8 మెగాపాస్కల్, ఐఎస్ 456 (కాంక్రీటు నిర్మాణాల భారతీయ కోడ్) సూత్రం ప్రకారం ఎం20 తట్టుకునేది 3.13 మాత్రమే. అంటే అక్కడ కాంక్రీటు పగులుతుంది, ఈఐ తగ్గుతుంది, 45 అనే అంకే మారాలి కదా! రెండు చివర్లా ఊరికే ఆనించిన ఒకే స్పాన్ దూలంలో ఈ చిక్కు లేదు, సమతాస్థితి సమీకరణాలే చాలు.

మధ్య ఆధారానికి ఇరువైపులా మీటరు మేర ఈఐని సగం చేసి చూశాను. భ్రామకం తగ్గింది, కానీ ఈఐని నిజంగా ఎంత తగ్గించాలో తేలలేదు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు విన్నాను. కాంక్రీటులోని సంపీడన బలాన్ని లెక్కించే 0.36 గుణకాన్ని సొంతంగా రాబట్టగలిగాను. భ్రామకాన్ని 30 శాతం వరకు పునఃపంపిణీ చేయవచ్చని (ఒకచోట తగ్గించి మరోచోటికి మళ్లించవచ్చని) కోడ్ అంటుంది, కారణం మాత్రం నాకు దొరకలేదు. కారణం తెలియకుండా సూత్రంలో అంకెలు వేయడం నాకు తృప్తినివ్వదు.

పగిలిన దూలానికి ఈ విశ్లేషణ ఎందుకు సురక్షితమో మూలం నుంచి అర్థం కావాలంటే ముందుగా ప్లాస్టిక్ విశ్లేషణ (స్థితిస్థాపక హద్దు దాటాక దూలం ప్రవర్తన) చదవాలా, లేక పగిలిన ఛేదంలో భ్రామకం, వక్రతల సంబంధమా?