చిన్న కోళ్లకు తుమ్ములు, గురక తగ్గడం లేదు: ఏ మందు, ఎంత మోతాదు?

పెరంబూరు మిద్దె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాము. మిద్దె మీద చిన్న గూడు కట్టి బాంటమ్ అనే పొట్టి జాతి పెట్టలను మూడింటిని, ఒక పుంజును రెండేళ్లుగా పెంచుకుంటున్నాము. కోసుకోవడానికో అమ్ముకోవడానికో పెంచుతున్నవి కావు. పిల్లలు బడి నుంచి రాగానే ముందు వాటి దగ్గరికే వెళతారు.

దీపావళి తరువాత ఒక వారపు సంతలో సిల్కీ జాతి పెట్టను కొని, తెచ్చిన రోజే అదే గూట్లో వదిలాను. పది రోజులు గడిచేసరికి అది తుమ్మడం మొదలుపెట్టింది, ఆ వెంటనే మా పెట్టల్లో రెండింటికి కూడా అంటుకుంది. కంటి మూలలో సబ్బు నురగ లాంటిది కనిపిస్తోంది, ముక్కు రంధ్రాల దగ్గర మేత పొడి అంటుకుని గట్టిపడుతోంది, రాత్రి గూటి దగ్గర చెవి పెడితే గుర్రుగుర్రుమనే చప్పుడు వినిపిస్తోంది. మేత తగ్గింది గాని పూర్తిగా మానలేదు, రెట్ట మామూలుగానే ఉంది. వానలు వదలకపోవడంతో గూటికి నాలుగు వైపులా టార్పాలిన్ కట్టేశాము.

మందుల దుకాణంలో అడిగితే అమాక్సిసిలిన్ ఇచ్చారు. దానిని నీళ్ల గిన్నెలో కలిపి ఐదు రోజులు పెట్టినా గుణం కనిపించలేదు. మా అత్తగారు పసుపు, వెల్లుల్లి ముద్దగా చేసి తినిపిస్తున్నారు, రాత్రిపూట తలనొప్పి బామ్ ముక్కు దగ్గర రాస్తున్నారు. ఒక్కొక్క కోడి ఆరు వందల గ్రాములకు మించదు. ఫారం కోళ్లకు చెప్పే మోతాదును వీటికి ఎలా లెక్కగట్టాలో, అసలు ఏ మందు వాడాలో తెలిసినవారు చెప్పగలరు.

తాంబరం పశువైద్యుడు

అమ్మా, మందు సంగతికి వచ్చే ముందు ఆ టార్పాలిన్‌ను పైభాగంలో జానెడు ఎత్తున విప్పండి. తడిసిన ఊకలో రెట్ట కుళ్లినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కోడి శ్వాసనాళంలో దుమ్మును, చీమిడిని బయటికి నెట్టే సన్నని నూగు ఆ వాయువుకు చచ్చుబడిపోతుంది, ఆ తరువాత లోపలికి చేరిన క్రిమిని ఆపే కాపలా ఉండదు. మీరు గూటి ముందు గొంతుకు కూర్చుని, కోడి తల ఉండే ఎత్తులో ఒక నిమిషం గాలి పీల్చండి. మీ కళ్లు మండితే ఆ గాలిలో ఏ మందూ సరిగా పనిచేయదు. తడి ఊకను పూర్తిగా తీసివేసి పొడి ఊక పరచండి. తడి ఆరుతుందని చాలామంది సున్నం చల్లుతారు గాని, రెట్ట మీద సున్నం పడితే అమ్మోనియా మరింత వెలువడుతుంది. గాలి కోళ్ల మీదుగా కొట్టకుండా, వాటి తలల పైనుంచి సాగిపోయేలా చూడాలి.

మీరు చెప్పిన నురగ కన్ను, రాత్రి గురక, మేత పూర్తిగా మానకపోవడం, మెల్లగా ఒకదాని నుంచి మరొకదానికి అంటుకోవడం చూస్తే ముందుగా మైకోప్లాస్మా అనే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసవ్యాధిని, అంటే ఫారం వాళ్లు సీఆర్‌డీ అనేదానిని, అనుమానించాలి. అమాక్సిసిలిన్ ఎందుకు పనిచేయలేదన్న దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. పెన్సిలిన్ జాతి మందులన్నీ సూక్ష్మక్రిమి కణం చుట్టూ ఉండే గోడను కట్టుకోనివ్వకుండా చంపుతాయి, మైకోప్లాస్మాకు ఆ గోడే ఉండదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ వంటివి క్రిమి లోపల మాంసకృత్తుల తయారీని అడ్డుకుంటాయి కాబట్టి దీని మీద పనిచేస్తాయి.

అయితే ఫోరంలో చదివి మీరే మొదలుపెట్టవద్దు, ఎందుకంటే ఇదే తుమ్ముతో వచ్చే ఇతర జబ్బులు ఉన్నాయి. ముఖం ఒక్కసారిగా ఉబ్బి, ముక్కు నుంచి దుర్వాసన వస్తే కోరైజా కావచ్చు. మెడ చాచి నోరు తెరిచి ఊపిరి లాగుతూ, నెత్తురు కలిసిన చీమిడి విదిలిస్తే గొంతుకు సంబంధించిన వైరస్ వ్యాధిని చూడాలి. ఆకుపచ్చని రెట్ట, మెడ మెలితిరగడం, వెంటవెంటనే చావులు కనిపిస్తే కొక్కెర తెగులు గుర్తుకు రావాలి. 1920లలో మన దేశంలో మొదట గుర్తించిన చోటును బట్టి దానికి రాణీఖేత్ అనే పేరు వచ్చింది. వైరస్ జబ్బులకు యాంటీబయాటిక్ మందు కాదు. ఒకే రోజు రెండు మూడు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే వాటిని వట్టి చేతులతో తాకకుండా పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి.

మోతాదు గురించి మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న. నీళ్లలో కలిపే పద్ధతి వేల కోళ్లున్న షెడ్డు కోసం ఏర్పడింది. జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, అంటే మందు ఎక్కువ కావలసినదానికే తక్కువ అందుతుంది. నాలుగైదు కోళ్లే ఉన్న మీరు ప్రతి కోడినీ వంటింటి త్రాసులో తూచి, దాని బరువుకు లెక్కగట్టిన మోతాదును నోటి ద్వారా ఇవ్వగలరు. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల వేపేరిలోనే, మీకు దగ్గరలోనే ఉంది. అక్కడి ఆసుపత్రికి అట్టపెట్టెలో తీసుకువెళ్లండి. ఇప్పటిదాకా వాడిన మందు పేరు, ఎన్ని రోజులు వాడారో తప్పకుండా చెప్పండి.

బామ్ మాత్రం ఈ రాత్రి నుంచే ఆపించండి. అందులోని ఘాటు నూనెలు ఇప్పటికే వాచిన శ్వాసమార్గాన్ని ఇంకా మండిస్తాయి. పసుపు, వెల్లుల్లి కొద్దిగా మేతలో ఉంటే హాని లేదు, కాని వాటిని నమ్ముకుని వైద్యం ఆలస్యం చేయకూడదు.

వేళచ్చేరి పెట్టలమ్మ

డాక్టరు గారు చెప్పినదానికి నా అనుభవం నుంచి కొంత కలుపుతున్నాను. నోటి ద్వారా మందు పోసేటప్పుడే నేను ఒక పెట్టను పోగొట్టుకున్నాను, ఆ తప్పు మరొకరి ఇంట్లో జరగకూడదు. కోడి నాలుక వెనకనే ఊపిరి గొట్టం ద్వారం ఉంటుంది. సూది లేని సిరంజితో నేరుగా గొంతులోకి చిమ్మితే మందు ఊపిరితిత్తులలోకి పోతుంది. నోరు తెరుచుకునే చోట ముక్కు పక్క అంచు మీద ఒక్కొక్క చుక్క పెట్టి, అది మింగాకే రెండో చుక్క పెట్టాలి. తువ్వాలులో చుట్టినప్పుడు రొమ్మును గట్టిగా నొక్కకూడదు. కోళ్లకు మన వలె ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక ముందుకు కదిలితేనే అవి ఊపిరి పీల్చగలవు.

జబ్బు కోళ్లను గంప కింద వేరు చేసి, ఒక మూల వెచ్చగా బల్బు పెట్టండి. వేడి ఎక్కువైతే అవతలికి జరగడానికి చోటు ఉండాలి. ముందు బాగున్నవాటికి మేత పెట్టి, ఆ తరువాతే జబ్బువాటి దగ్గరికి వెళ్లండి.

ఇంకొక మాట బాధతోనే చెబుతున్నాను. సీఆర్‌డీ అయితే గురక తగ్గుతుంది గాని క్రిమి ఒంట్లో మిగిలిపోతుంది. వానలో తడిసినా, మరొక కారణంతో కుంగినా మళ్లీ బయటపడవచ్చు. అందుకే మా ఇంట్లో నాలుగేళ్లుగా కొత్త కోడిని తీసుకురాలేదు, ఉన్నవాటిని ఎవరికీ ఇవ్వలేదు.

మాధవరం రైతుబిడ్డ

ఇంతవరకు టీకాలు వేయించకపోయి ఉంటే, కంగారుపడి ఇప్పుడు లసోటా టీకా చుక్కలు వేయకండి. అది కొక్కెర తెగులు రాకుండా ముందే వేసేది. సీఆర్‌డీ ఉన్న కోడికి ఆ సజీవ టీకా పడితే తుమ్ములు, ఆయాసం పెరగవచ్చు. కోళ్లు కోలుకున్నాక వైద్యుని అడిగి వేయించండి. ఒక్కో సీసాలో చాలా కోళ్లకు సరిపడే మోతాదులు ఉంటాయి, కలిపాక రెండు గంటలలోపు వాడేయాలి, కాబట్టి దగ్గరలో కోళ్లు పెంచేవాళ్లు ఒకే రోజు కలిసి వేయించుకోవడం మంచిది.

పెరంబూరు మిద్దె

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ సాయంత్రమే ఊక తీసినప్పుడు నా కళ్ల వెంట నీళ్లు కారాయి. రెండేళ్లు ప్రేమగా పెంచినవాటిని అంత గాలిలో పడుకోబెట్టానని తెలిసి చాలా బాధపడ్డాను.

మరునాడు వేపేరికి తీసుకువెళ్లాము. గొంతులో నుంచి నమూనా తీసి, సీఆర్‌డీ అనే అనుమానంతో, ఒక్కొక్కదాని బరువును బట్టి డాక్సీసైక్లిన్ రాసి ఇచ్చారు. సున్నపు పదార్థం, అంటే కాల్షియం, ఆ మందును ఒంటికి పట్టనివ్వదని చెప్పి, మందు నడిచినంతకాలం గుల్లపొడి పెట్టవద్దన్నారు. మందు వాడుతున్నప్పుడు, ఆపాక వారు చెప్పిన గడువు వరకు గుడ్లు తినకూడదన్నారు. ఈ రోజు ఆరో రోజు. రెండు బాంటమ్ పెట్టల గురక దాదాపు వినిపించడం లేదు, సిల్కీ మాత్రం ఎడమ కన్ను ఇంకా సగమే తెరుస్తోంది.

మూడో పెట్ట ఏడు గుడ్ల మీద పొదుగుకు కూర్చుని ఉంది. దానికి జబ్బు లక్షణాలేవీ లేవు. ఆ గుడ్లను ఉంచవచ్చునా?

తాంబరం పశువైద్యుడు

ఉంచవద్దమ్మా. పైకి బాగున్నా అదే గూట్లో ఉన్న పెట్ట కాబట్టి మైకోప్లాస్మా గుడ్డు ద్వారానే పిల్లకు చేరవచ్చు. పెట్ట బెంగపడకుండా రాత్రి చీకటి పడ్డాక గుడ్లు తీసివేయండి. సిల్కీ కంటిని ఉడకబెట్టి చల్లార్చిన ఉప్పునీటితో రోజుకు రెండుసార్లు తుడవండి. ఎల్లుండికి కూడా కన్ను తెరవకపోతే, కంటి కింద గట్టిపడిన చీము ఉన్నదేమో వేపేరిలో మళ్లీ చూపించండి.