అప్‌డేట్: మామోగ్రఫీ డోస్ 3.2 ఎందుకొచ్చిందో తేలింది (రాయగడ)

మా మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) మెషీన్‌లో ఏసీఆర్ ఫాంటమ్‌తో (రొమ్ముకు బదులు పెట్టే పరీక్ష దిమ్మ) సగటు గ్లాండ్యులర్ డోస్ (రొమ్ము గ్రంథులకు అందే రేడియేషన్) 3.2 మిల్లీగ్రే వస్తోంది, పరిమితి 3 కదా, ఎక్స్‌రే ట్యూబ్ పోయిందా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. విశాఖ నుంచి ఫిజిసిస్ట్ వచ్చి చూశారు. ట్యూబ్ బాగానే ఉంది, కొలిచిన పద్ధతే తప్పు.

‘ఏఈసీ మీద డిటెక్టర్ పడిందేమో చూడండి’ అన్న సలహాయే నిజమైంది. ఏఈసీ అంటే ఎక్స్‌పోజర్‌ను దానంతట అదే సర్దే సెన్సర్. డోస్ కొలిచే మా సాలిడ్ స్టేట్ డిటెక్టర్ వెనక సీసం పలక ఉంటుంది. దాని అంచు సెన్సర్ మీదికి రావడంతో మెషీన్ ఎక్స్‌పోజర్ పెంచేసింది. ఫాంటమ్ ఒక్కటే పెడితే 88 ఎంఏఎస్ (ట్యూబ్ కరెంటు × సమయం), డిటెక్టర్ పక్కన పెడితే 168!

సరైన వరుస ఇది: ముందు ఫాంటమ్‌తో ఆటోలో తీసి ఎంఏఎస్ రాసుకోవాలి. తర్వాత మాన్యువల్‌లో అదే కేవీ (ట్యూబ్ వోల్టేజి), దగ్గరి ఎంఏఎస్ (మాకు 90) పెట్టి, కంప్రెషన్ ప్యాడిల్ కిరణంలోనే ఉంచి డిటెక్టర్‌తో చదవాలి. వచ్చిన విలువను 88/90తో గుణించాలి. ఇప్పుడు డోస్ 1.7 మిల్లీగ్రే వచ్చింది.

డిటెక్టర్‌ను ఛాతీ అంచు నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో, ఫాంటమ్ పైతలం ఎత్తులోనే పెట్టండి. బల్ల మీదే వదిలేస్తే, ఫోకస్ దూరం 65 సెంటీమీటర్లయితే రీడింగ్ దాదాపు 13 శాతం తగ్గుతుంది. చెడ్డ మెషీన్ కూడా పాసైపోతుంది.

స్టెబిలైజర్, కరెంటు హెచ్చుతగ్గుల అనుమానం ఉత్తిదే. 28 కేవీ దగ్గర హెచ్‌వీఎల్ (కిరణాన్ని సగానికి తగ్గించే మందం) 0.34 మిల్లీమీటర్ల అల్యూమినియం, మాలిబ్డినం ట్యూబ్‌కి మామూలే.