కొండవాలులో కందకాలు తవ్వితే కింది చెరువు ఎండుతుందా?

ఆయకట్టు రైతు (ఉదయగిరి వైపు): మా చెరువుకు వెలిగొండ వాలు నుంచే నీళ్లు రావాలి. పైన కందకాలు తవ్వి, వాగు మీద చెక్‌డ్యాములు కట్టాక కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పారింది తక్కువ. వాన మాత్రం మునుపటిలాగే పడుతోంది. మా నీళ్లు పైనోళ్లు ఆపేసినట్టే కదా?

ఎగువ పొలం (వాలు మీది రైతు): అన్నా, ఆ కందకాలు రాకముందు వేసవికి మా బోర్లు నోరు తెరిచేవి. మా చేలో పడ్డ వానను మా చేలోనే ఇంకించుకుంటే తప్పా?

వాగు గట్టు (ఇద్దరికీ మధ్యవర్తి): ఇద్దరూ ఏడాది మొత్తం వాన చూసి వాదిస్తున్నారు. చెరువుకు ఎంత చేరుతుందో దాంతో తేలదు. పది రోజులు ఆరేసి మిల్లీమీటర్లు కురిసినా, ఒక్క పూట 60 కురిసినా మొత్తం ఒకటే. మొదటిది గడ్డిని తడిపి, నేలలో ఇంకి, ఎండకు ఆవిరైపోతుంది. రెండోది నేల పీల్చుకునే వేగాన్ని మించి పడుతుంది కాబట్టి పారుతుంది. పైగా స్వాతి కార్తెలో తొలి వానను ఎండిన నేల తాగేస్తే, వారం తర్వాత అంతే వాన పడినా వాగు పొర్లుతుంది.

కందకం ఆపేది చిన్న వానను. అది నిండాక మిగతాదంతా కిందికే. 2021 నవంబరు వానలను ఏ కందకం ఆపింది? కానీ వాన తక్కువైన ఏడు, చెరువుకు రావాల్సిన ఆ కాస్తా పైనే ఆగిపోతుంది. ఆ ఏడాది వరకు ఆయకట్టు రైతు బాధ నిజమే అంటాను.

ఎంత ఆగిందో కొలవాలి. చిన్న వాగైతే అడ్డంగా 90 డిగ్రీల వి-నాచ్ పలక (V ఆకారంలో గాడి కోసిన పలక) బిగించి, కాస్త ఎగువన స్కేలు పెట్టండి. నాచ్ దగ్గర నీటి మట్టం కిందికి వంగుతుంది, అక్కడ చూడొద్దు. నాచ్ అడుగు మొన నుంచి నీరు 10 సెంటీమీటర్ల ఎత్తుంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు. 20 ఉంటే రెట్టింపు కాదు, దాదాపు 25 లీటర్లు! అందుకే వాగు పొంగేటప్పుడు పది నిమిషాలకోసారి రాసుకోవాలి. గంటకోసారి చూస్తే అసలు పొంగే తప్పిపోతుంది.

హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 10,000 లీటర్లు. వంద హెక్టార్ల వాలు మీద 60 మిల్లీమీటర్లు పడితే 6 కోట్ల లీటర్లు. వాగులో 90 లక్షలు పోతే, పారింది 15 శాతం.

ఆయకట్టు రైతు: కందకాలు తవ్వక ముందు ఎవరూ కొలవలేదే, దేంతో పోల్చేది?

వాగు గట్టు: పక్కన కందకాలు లేని వాలు ఉందా? నేల, వాలు, విస్తీర్ణం దగ్గరదగ్గరగా ఉండాలి. రెండు వాగులనూ ఒకే వానకు కొలిస్తే తేడా కొంతైనా తెలుస్తుంది.

ఎగువ పొలం: ఉంది. మధ్యలో గుట్టే అడ్డం, అదీ ఎర్రనేలే. పలకకు మా వంతు మేం వేసుకుంటాం. రెయిన్‌గేజ్ ఒకటి చాలదా?

వాగు గట్టు: చాలదు. గుట్టకు అవతల కురిసి ఇవతల ఎండ కాసే ఊళ్లు మనవి. రెండు పెట్టండి, స్వాతికి ముందే.