హెచ్‌పీవీ టీకా: ఖమ్మంలో జరిగింది చూశాక కూడా పిల్లలకు వేయించాలా?

భద్రాద్రి: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఈ టీకా అందరూ వేయించమనే అంటున్నారు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు, దాదాపు 14,000 మందికి, గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేసింది. హాస్టళ్లలోని గిరిజన పిల్లల అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు, హెడ్మాస్టర్లు. పిల్లలు కొందరు చనిపోయారు. 2010లో కేంద్రం ఆపించింది. నమ్మమంటే ఎలా?

టీకాల గది: సంతకాల విషయంలో మీతో వాదనే లేదండీ. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా అదే కడిగేసింది. మరణాల సంగతి వేరు. విచారణలో ఎక్కువగా తేలింది పురుగుమందు, నీళ్లలో మునగడం లాంటి కారణాలు. ఇంకోటి చూడండి. అదే ఆదేశంతో దేశంలో మరో అధ్యయనం కూడా ఆగి, వేలమంది పిల్లలు ఒక్క డోసుతోనే మిగిలారు. పదేళ్లు వాళ్లను గమనిస్తే హెచ్‌పీవీ వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే దాదాపు 95 శాతం అడ్డుకుంది. 9-20 ఏళ్లవాళ్లకు ఒక్క డోసైనా చాలని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన మాటకు ఈ పిల్లల లెక్కలూ ఒక ఆధారం.

భద్రాద్రి: మంచిదే. అయినా తర్వాత పిల్లలకేమైందో నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదనీ ఆ సంఘమే అంది కదా. పెళ్లి కుదిరాక చూసుకుంటే పోయేదేముంది?

మందుల షాపు: పోయేది చాలానే ఉందన్నా. ఈ వైరస్ శారీరక సంబంధాలతో సోకేది. టీకా అది సోకకముందు పనిచేస్తుంది, సోకినదాన్ని పోగొట్టదు. ఖర్చూ పెరుగుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ ఒక్క డోసు చాలన్నా, 15 నిండకముందు మొదలెడితే మన దగ్గర మామూలుగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు రాస్తారు. ఆ పుట్టినరోజు దాటితే మన డాక్టర్లు ఎక్కువగా మూడు రాస్తారు: మొదటిది, రెండు నెలలకు, ఆరు నెలలకు. పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామనేవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మన దేశపు టీకా సెర్వావాక్ డోసు సుమారు 2,000, గార్డసిల్ 9 అయితే పదివేల పైమాటే. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి కారణమైన 16, 18 రకాలకు రెండు టీకాలూ పనిచేస్తాయి. డబ్బు చూసుకునేవాళ్లు సెర్వావాక్‌తో నిశ్చింతగా ఉండొచ్చు.

శాంతి_పల్నాడు: నెలసరి ఆగిపోతుందట, పిల్లలు పుట్టరట అంటున్నారు మా వైపు.

టీకాల గది: అలాంటి ఆధారం ఎక్కడా లేదమ్మా. నెలసరి రోజుల్లోనూ వేయించొచ్చు. గర్భంతో ఉంటే మాత్రం వేయరు. నిజంగా జరిగేది చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, కళ్లు తిరగడం. ఈ వయసు పిల్లలు ఏ సూదికైనా తూలిపోతారు. ఏదైనా తినిపించి తీసుకెళ్లండి. కూర్చోబెట్టి వేయించి, పావుగంట లేవనివ్వకండి. టీకా 2-8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. మందుల షాపులో కొని ఎండలో సంచిలో పట్టుకెళ్లేకంటే టీకా వేసేచోటే తీసుకోవడం మేలు.

భద్రాద్రి: కార్డు మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకునే కదులుతాను. స్కూల్లో అయితే తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఆ రెండో మాట మీద మాత్రం తగ్గను.

టీకాల గది: తగ్గొద్దు కూడా. వేయించుకున్న పిల్లలకైనా 30 దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష తప్పదు, ఈ టీకాల్లో లేని రకాలూ ఉన్నాయి. ఆ పరీక్ష అమ్మలకు ఇప్పుడే అవసరం. పాపను తీసుకెళ్లిన రోజే అడగండి.