అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో స్వింగ్ రాష్ట్రాల మాటే ముందు వినాలా?

అట్లాంటా శీను:
2028 ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచడానికి రాష్ట్రాల్లో పెట్టే ఎన్నికలు) ఏ రాష్ట్రంతో మొదలవ్వాలని డెమొక్రాట్లలో మళ్ళీ గొడవ నడుస్తోంది కాబట్టి అడుగుతున్నా. 2024లో పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, ఎటైనా మొగ్గే ఈ స్వింగ్ రాష్ట్రాలు ఏడూ ట్రంప్‌కే పోయాయి. నవంబర్‌లో తేల్చేది ఈ ఏడే అయినప్పుడు అభ్యర్థి ఎవరో కూడా ముందు మమ్మల్నే అడగొద్దా? 2020లో మా జార్జియాలో బైడెన్ మెజారిటీ 11,779. అయినా 2024లో మొదటి ప్రైమరీ సౌత్ కరోలినాకి ఇచ్చారు. అక్కడ అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ ఆఖరిసారి గెలిచింది 1976లో!

ఎడిసన్ రావు:
మొదటిది సౌత్ కరోలినా కాదు. న్యూ హాంప్‌షైర్ వాళ్ళు పార్టీ మాట వినకుండా జనవరి 23నే పెట్టేశారు.

అట్లాంటా శీను:
రావు గారూ, పార్టీ ఒప్పుకున్న వాటిలో మొదటిది అన్నా. అసలు విషయం మాట్లాడండి.

ఎడిసన్ రావు:
మాట్లాడతా. మా న్యూజెర్సీ ప్రైమరీ జూన్‌లో. మా వంతు వచ్చేసరికి విస్తళ్ళు ఎత్తేసి ఉంటారు. చందాల మెయిళ్ళు మాత్రం పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. డబ్బు మాది, ఎంపిక మీదా?

టాంపా కిరణ్:
2000లో మా ఫ్లోరిడా 537 ఓట్లతో తేలింది. ఇప్పుడు మమ్మల్ని స్వింగ్ అనేవాడే లేడు. ఈ ఏడు రేపు ఏమవుతాయో!

అట్లాంటా శీను:
2016 చూడండి. మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీల్లో శాండర్స్ గెలిచాడు. పార్టీ హిల్లరీని నిలబెట్టింది. నవంబర్‌లో రెండూ పోయాయి, మిషిగన్ అయితే 10,704 ఓట్లతో.

ఎడిసన్ రావు:
అదే ఏడాది పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా ప్రైమరీలు హిల్లరీవే. అవీ పోయాయిగా? మీకు పనికొచ్చే రెండే చెప్తారేం? పైగా నవంబర్‌లో అటూ ఇటూ ఊగేవాళ్ళు ప్రైమరీకి రారు, వచ్చేది పార్టీవాళ్ళే.

అట్లాంటా శీను:
మా దగ్గర పార్టీ రిజిస్ట్రేషనే లేదు సార్. ఎవరైనా వచ్చి ఏ పార్టీ బ్యాలెట్ అయినా అడగొచ్చు.

ఎడిసన్ రావు:
పెన్సిల్వేనియాలో కుదరదు. ఏడింటిలో పెద్దది అదే, అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 19.

క్యూలో ఉన్నవాడు:
గ్రీన్ కార్డే రాలేదు, ఓటు ఎక్కడిది. మీరు కానివ్వండి.

ఫ్రిస్కో లలిత:
ఇంతసేపూ చూశా. శీను గారూ, సూటిగా అడుగుతా. మీ కోపం ప్రైమరీల క్యాలెండర్ మీదా, 2024లో నిలబడిన కమలా హారిస్ మీదా?

అట్లాంటా శీను:
ఆవిడ మీద కాదండీ, ఆవిణ్ని ఎంచిన తీరు మీద. 2024 జూలై 21న బైడెన్ తప్పుకున్నాడు, ఆగస్టులో డెలిగేట్లు (పార్టీ ప్రతినిధులు) ఆన్‌లైన్‌లో ఓటేసి తేల్చేశారు. నేను ఫోర్సైత్ కౌంటీలో ఇంటింటికీ తిరిగా. మన తెలుగు పెద్దాయనే ఒకరు తలుపు సగం తీసి, నా చేతిలో కరపత్రం కూడా తీసుకోకుండా, "ఈవిణ్ని ప్రైమరీలో ఎవరు గెలిపించారు బాబూ?" అన్నారు. ఏం చెప్పమంటారు?

ఫ్రిస్కో లలిత:
సరే, రేపు అందరికంటే ముందు మీ ఏడింటినే అడిగారనుకోండి. "గెలిచేవాళ్ళు కావాలి" అంటారు. అంటే ఎవరు? ప్రతిసారీ తెల్ల మగవాడేగా? మా అమ్మాయి పేరు పలకడానికే టీచర్లు తంటాలు పడతారు. అలాంటి పేరున్న మనిషి విస్కాన్సిన్‌లో నెగ్గదని పార్టీయే ముందు తీర్మానిస్తే, ఇక నేను ఆ పార్టీలో ఎందుకు?

అట్లాంటా శీను:
నార్త్ కరోలినా 2008లో ఒబామాకి ఓటేసింది. ఆ పేరు తేలికా? అయినా ఓడితే ఏమవుతుందో చూశాం. 2025లో కొత్త హెచ్1బీ పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. గెలవడం ముందు, మిగతావి తర్వాత.

ఫ్రిస్కో లలిత:
ఆ "తర్వాత" ఎప్పుడండీ?

అట్లాంటా శీను:
అక్టోబర్‌లో ఒక వారం మా కౌంటీకి రండి. నాతో నాలుగు తలుపులు తట్టాక మాట్లాడుకుందాం.

ఫ్రిస్కో లలిత:
వస్తా. ఎవరి కరపత్రం పట్టుకుని తిరగాలో అప్పుడు నన్ను కూడా అడగండి.