పాస్తాపూరు సంఘాల విత్తన పద్ధతి మన మెట్టకు పనికివస్తుందా?

ప్రశ్న (పొదిలి నుంచి)

మా అమ్మ వరిగ విత్తనంలో బూడిద కలిపి కుండకు పోసి, మూతికి పేడ మెత్తి అటక మీద పెట్టేది. వరుసగా రెండేళ్లు వానలు తప్పినప్పుడు ఆ విత్తనం కూడా తిండికే అయిపోయింది; ఇప్పుడు ఆ చేలో జామాయిల్ ఉంది. జహీరాబాదు దగ్గరి పాస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో మరణించినప్పుడు ఆయన గురించి చదివాను. ఆ సొసైటీ ఊరూరా ఏర్పరచిన మహిళా సంఘాల్లోని ఎకరం, రెండెకరాలున్న ఆడవాళ్లు, పోయిన విత్తనాన్ని మళ్లీ ఎలా కూడగట్టారు? రేషను బియ్యం ఇంటికి వస్తుండగా జొన్న ఎందుకు వేశారు? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)

మీ రెండో ప్రశ్నలోనే అసలు విషయం ఉందండీ. సతీష్ గారిది మైసూరు. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన ఆయన 1983లో మిత్రులతో కలిసి ఈ సంస్థను మొదలుపెట్టారు. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వారికున్న కొద్దిపాటి సారంలేని నేలలు చాలావరకు బీడుగా పడి ఉండేవి. 1990లలో సంఘాలు ఆ బీళ్లు దున్నడానికి, ఎరువు తోలడానికి, కలుపు తీయించడానికి అప్పు ఇచ్చి, దానిని డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి కట్టించుకున్నాయి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పేద ఇళ్లు ఏవో ఊరివారే కూర్చుని తేల్చి, ఇంట గింజలు అడుగంటే నెలల్లో వారికి చౌకగా అమ్మారు. అంటే ఆ చౌక ధాన్యం ఎక్కడినుంచో లారీలో రాలేదు, ఆ ఊరి బీడు నేలల నుంచే వచ్చింది. విత్తనం కూడా అంతే, తీసుకున్నవారు పంట వచ్చాక కొంత కలిపి తిరిగి కొలవాలి. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తన బుట్టలు పెట్టి ఊరూరా తిప్పే పాతపంటల జాతర వల్ల ఎవరి దగ్గర ఏ గింజ ఉందో అందరికీ తెలిసేది. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను నడిపినదీ ఆ ఆడవాళ్లే.

జవాబు (కోవూరు నుంచి)

మాగాణిలో ఇది అంత తేలిక కాదని నా అనుభవం. నెల్లూరుకు పేరు తెచ్చిన పాత వరి రకం మొలగొలుకులు అరెకరంలో వేశాను. పంటకాలం ఎక్కువ, ఏపుగా పెరిగి గాలికి పడిపోయింది, దిగుబడి తగ్గింది, మిల్లులో విడిగా ఆడించుకోవలసి వచ్చింది. అయినా విత్తనం వదలలేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షను ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఈ సంగతి మన రైతుల్లో చాలామందికి తెలియదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఊళ్లో వాకబు చేస్తే ఒక అవ్వ దగ్గర కొర్రలు దొరికాయి, వరిగలు లేవు. కనిగిరి, పామూరు వైపు ఎవరి దగ్గరైనా సోలెడు విత్తనం ఉంటే తెలియజేయండి, నేనే వచ్చి తీసుకుంటాను. పంట చేతికి రాగానే రెండు సోలలు కొలిచి ఇస్తాను.