సున్నా నుంచి మొదలుపెడితే, పట్టా వచ్చేసరికి స్పానిష్‌తో ఉద్యోగం చేయగలమా?

కొత్త_పలక:
అందరికీ నమస్కారం. వచ్చే టర్మ్ నుంచి యూనివర్సిటీలో స్పానిష్ డిగ్రీలో చేరుతున్నాను. ఇప్పటికి నాకు "ఓలా", "గ్రాసియాస్" తప్ప ఒక్క ముక్క రాదు. కోర్సు వివరాల్లో మాత్రం "ముందుగా ఏమీ తెలియనక్కర్లేదు, పూర్తయ్యేసరికి వృత్తిలో వాడే స్థాయి వస్తుంది" అని రాశారు. మొత్తం నాలుగేళ్లు. అందులో మూడో ఏడాది స్పానిష్ మాట్లాడే దేశంలో గడపాలి.

మా బాబాయి ఏమో "భాష కోసం డిగ్రీ ఏంటి? ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకో, డిగ్రీ వేరే దాంట్లో చెయ్యి" అంటున్నారు. ఇలాంటి కోర్సే చేసిన ఒక సీనియర్‌ని అడిగితే, "నాలుగేళ్లు చదివాక కూడా ఫోన్‌లో అవతలాయన ఏమన్నాడో అర్థం కాక లైన్ కట్ చేశాను" అని ఉన్న ధైర్యం కాస్తా తీసేసింది. చేసినవాళ్లు, చేయనివాళ్లు అందరూ చెప్పండి. నిజంగా అవుతుందా?

లెక్కల_పిచ్చి:
ముందు గంటలు లెక్కేద్దాం.

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ నడుపుతుంది. తక్కువ సమయంలో పట్టుబడే భాషల గుంపులో స్పానిష్‌ను పెట్టారు వాళ్లు. 30 వారాలు, సుమారు 750 గంటల క్లాసు. ఆఖర్న చేరే మెట్టుకు వాళ్లు పెట్టుకున్న పేరే వృత్తిలో పనికొచ్చే ప్రావీణ్యం. అయితే అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల లెక్క. అదీ వేరే పని పెట్టుకోకుండా రోజంతా దాని మీదే కూర్చునేవాళ్లది.

ఇప్పుడు మీ కోర్సుకి రండి. వారానికి 8 గంటలు, ఏడాదికి 28 వారాలు అనుకుందాం. 224 గంటలు. మూడో ఏడు బయట ఉంటారు కాబట్టి క్లాసులు మూడేళ్లే. మొత్తం 672. పరవాలేదే, 750కి దగ్గర్లోనే ఉంది అనిపిస్తుంది. కానీ క్లాసులో 30 మంది ఉన్నారనుకోండి. గంటలో సగం టీచర్‌గారిదే. మిగిలిన అరగంట 30 మంది పంచుకుంటే తలకో నిమిషం. అంటే మూడేళ్లలో మీరు నోరు విప్పేది 672 నిమిషాలు, పదకొండు గంటల చిల్లర. పదకొండు గంటలు మాట్లాడి ఏ భాషలో ఉద్యోగం చేస్తారు చెప్పండి.

ఏకలవ్య:
లెక్కల_పిచ్చి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను స్పానిష్ కోసం ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు. కామర్స్ డిగ్రీ చేస్తూ పక్కన రోజూ రెండు గంటలు, మూడున్నరేళ్లు కూర్చున్నాను. ఆన్‌లైన్‌లో మెక్సికో, కొలంబియా వాళ్లతో మాట్లాడాను. డెలే పరీక్షలో ముందు బి2, తర్వాత సి1 పాసయ్యాను. (తెలియనివాళ్లకి: డెలే అంటే స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే సర్టిఫికెట్. ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లు. ఒకసారి వస్తే గడువు ఉండదు.) ఇప్పుడు లాటిన్ అమెరికా క్లయింట్లను చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. ఇంటర్వ్యూలో పట్టా ఎవరూ అడగలేదు. పది నిమిషాలు మాట్లాడించారు, ఒక ఈమెయిల్ రాయించారు, అంతే.

నాలుగేళ్లు ఒక్క భాషకే ధారపోస్తే చేతిలో భాష తప్ప ఏమీ ఉండదు. స్పానిష్‌తో పాటు అకౌంట్సో, న్యాయశాస్త్రమో తెలిసినవాడికే విలువ. మీ బాబాయిగారి మాట వినండి.

మూడో_ఏడు:
నేను అచ్చంగా ఇలాంటి కోర్సే చేశాను, సున్నా నుంచి. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, భరించండి.

మొదటి ఏడాది పండగే. తెలుగువాళ్లకి స్పానిష్ కొన్ని చోట్ల ఎంత సుఖమో ఎవరూ చెప్పరు. "మె దుఎలె లా కబేసా" అంటే "నాకు తల నొప్పిగా ఉంది". "మె గుస్తా ఎల్ మార్" అంటే "నాకు సముద్రం ఇష్టం". ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన నా క్లాస్‌మేట్లు "నేను ఇష్టపడతాను అనకుండా నాకు ఇష్టం అనడమేంటి" అని నెల రోజులు కొట్టుకున్నారు. నాకు అది మన వాక్యమే. "నేను", "నువ్వు" చెప్పకుండా క్రియతోనే సరిపెట్టడమూ అంతే. మనం "వెళ్తున్నా" అంటాం, వాళ్లు "వోయ్" అంటారు. త, ద పలకడానికి నాలుక వెతుక్కోనక్కర్లేదు. కష్టమల్లా మనం వ అనే చోట వాళ్లు బ అనడం. నేను "వివిర్" అంటే మా టీచర్ ప్రతిసారీ "బిబిర్" అని సరిదిద్దేది.

రెండో ఏడాది ఆ పండగ దిగిపోతుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. ఒక్క ఉదాహరణ చెప్తాను. "స్పానిష్ మాట్లాడే సెక్రటరీ కోసం చూస్తున్నాను." తెలుగులో ఒకటే వాక్యం. స్పానిష్‌లో ఆ సెక్రటరీ ఎవరో నాకు తెలిసి, ఆమె కోసమే వెతుకుతుంటే "ఆబ్లా" అనాలి. అలాంటివాళ్లు ఎవరైనా దొరుకుతారేమోనని చూస్తుంటే "ఆబ్లే" అనాలి. ఒక్క అచ్చు తేడా. మనిషి ఉన్నాడా, ఊహలోనే ఉన్నాడా అన్నది ఆ అచ్చులో ఉంటుంది. సూత్రం ఒక్క రోజులో బట్టీ పట్టాను. మాట్లాడేటప్పుడు దానంతటది నోట్లోకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా వారం వారం నా తప్పు కింద ఎర్రగీత పెట్టే మనిషి ఒకరు ఉన్నారు. యాప్‌లో తప్పు జవాబు నొక్కితే ఎర్రగా వెలిగి పోతుంది, ఎందుకు తప్పో మళ్లీ వారం అడగదు.

ఇక మూడో ఏడు. కొలంబియాలో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఆవిడ నవ్వుతూ "మె రెగాలా సు ఫిర్మా?" అంది. నా పుస్తకాల స్పానిష్‌లో దాని అర్థం "మీ సంతకం నాకు బహుమతిగా ఇస్తారా?" అని. నాకేదో సన్మానం జరుగుతోందేమో అనుకున్నాను. అక్కడ మర్యాదగా అడగడం అలాగట, "కాస్త సంతకం పెడతారా" అన్నట్టు. బి2 పూర్తి చేసి వెళ్లినదాన్ని, ఒక సంతకం దగ్గర బిత్తరపోయాను.

కాబట్టి లెక్కల_పిచ్చి గారూ, మీ పదకొండు గంటలు నిజమే. అందుకే ఆ మూడో ఏడు పెట్టారు. కాకపోతే అక్కడికి వెళ్లి మనవాళ్లతోనే తిరిగి, మనవాళ్లతోనే గది పంచుకుంటే అదీ దండగే. మా బ్యాచ్‌లో అలా వచ్చినవాళ్లూ ఉన్నారు.

లెక్కల_పిచ్చి:
అంటే పని చేసింది ఆ ఏడాది, డిగ్రీ కాదు. అది నేరుగా వెళ్లి ఉన్నా వచ్చేదే కదా?

మూడో_ఏడు:
రాదండి. వ్యాకరణం ఒంటికి పట్టకుండా వెళ్లినవాళ్లు గలగలా మాట్లాడటం నేర్చుకుని వచ్చారు, తప్పులతో సహా. ఆ తప్పులు గట్టిపడిపోయాక ఎవరూ పీకలేరు.

దారినపోయే_దానయ్య:
ఇంకో రెండేళ్లు ఆగితే ఫోనే అంతా అనువాదం చేసేస్తుంది. ఇంత టెన్షన్ ఎందుకు?

రెండు_పడవలు:
దానయ్య గారూ, ఇది నా పొట్టకూటి విషయం, కాబట్టి జవాబు చెప్పి తీరాలి. పదమూడేళ్లుగా అనువాదం చేస్తున్నాను, అప్పుడప్పుడు దుబాసీగా కూడా.

"యెగో కోన్ సు మాద్రె." నాలుగు మాటలు, ఎవరో తల్లితో కలిసి వచ్చారని. వచ్చింది మగా, ఆడా అన్నది ఆ క్రియలో లేదు. "సు" అంటే అతని, ఆమె, వాళ్ల, మీ, ఏదైనా కావచ్చు. తెలుగులో పెట్టాలంటే వచ్చాడా, వచ్చిందా, వచ్చారా ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. మెషీన్ కూడా తేల్చేస్తుంది, తెలియకపోయినా సరే, ఏమాత్రం తడుముకోకుండా. కథలో అయితే పోనీ. ఒప్పందంలో "సు" ఎవరిదో తప్పితే డబ్బు ఎవరు కట్టాలన్నదే మారిపోతుంది.

ఇక అసలు చర్చకి. ఇక్కడ అందరూ "వృత్తి స్థాయి" అని ఒక్క మాటలా వాడుతున్నారు. అది ఒక్కటి కాదు. కస్టమర్లతో మాట్లాడటానికి గట్టి బి2 చాలు. ఏకలవ్య గారు చేస్తున్న పనికి సి1 చక్కగా సరిపోతుంది, కాదనను. అనువాదానికి సి1 గుమ్మం మాత్రమే. ఏకకాల దుబాసీ పనికైతే, అంటే అవతలివాళ్లు మాట్లాడుతుండగానే రెండో భాషలో చెప్పే పనికి, ఇద్దరిని కూర్చోబెట్టి ఇరవై ముప్పై నిమిషాలకొకసారి మార్చుకోమంటారు, అంతకంటే సేపు ఏ బుర్రా తట్టుకోదు కాబట్టి. ఆ పనికి డిగ్రీ తర్వాత విడిగా శిక్షణ కావాలి, డెలే సి2 ఉన్నా సరే.

నా మొదటి ఏడాది పొరపాటు చెప్తాను. ఒక నివేదికలో "బియోన్" అని వచ్చింది. ఇంగ్లిష్ బిలియనే కదా అని వంద కోట్లు అని రాసేశాను. స్పానిష్ బియోన్ అంటే లక్ష కోట్లు. వంద కోట్లని వాళ్లు "మిల్ మియోనెస్" అంటారు. వెయ్యి రెట్లు తప్పు! పంపే ముందు ఎడిటర్ పట్టుకున్నాడు కాబట్టి బతికాను. అంకెల్లో చుక్కల గోల ఇంకొకటి. 1.500 అని స్పెయిన్ కాగితంలో ఉంటే పదిహేను వందలు, మెక్సికో కాగితంలో ఉంటే ఒకటిన్నర.

ఇవి సరదా కబుర్లు కావు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్లు క్యూబా స్పానిష్‌లో "ఇంతోక్సికాదో" అన్నారు. తిన్నదేదో పడక ఇలా అయిందేమో అని వాళ్ల ఉద్దేశం. అక్కడున్నవాళ్లకి అది ఇంగ్లిష్ "ఇంటాక్సికేటెడ్"లా వినపడింది. మత్తుమందు ఎక్కువైన కేసుగా చూశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. వైద్యం ఆలస్యమై కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి. పరిహారం జీవితకాలానికి లెక్కేస్తే దాదాపు 7.1 కోట్ల డాలర్లు తేలింది. విచిత్రం ఏంటంటే, అక్కడ రెండు భాషలూ కాస్తో కూస్తో వచ్చినవాళ్లు ఉన్నారు. దుబాసీ కావాలని ఎవరికీ తోచలేదు.

ఏకలవ్య:
గౌరవంగానే అడుగుతున్నా అన్నా, ఇందులో యూనివర్సిటీ గొప్పేముంది? బియోన్ సంగతి మీరు కూడా ఉద్యోగంలోనే కదా నేర్చుకున్నారు?

రెండు_పడవలు:
నిజమే తమ్ముడూ, ఆ దెబ్బ నాదే. కానీ "ఇంగ్లిష్ మాటలా కనిపిస్తే అనుమానించు" అన్నది క్లాసులోనే చెప్పారు, వినలేదు నేను. డెలే గురించి కూడా ఒక మాట. వంద మార్కులకి అరవై వస్తే పాస్. సి1 వరకు రెండు భాగాలు, ఒక్కో దాంట్లో 50కి 30 రావాలి. పరీక్షకి అది న్యాయమే. క్లయింట్‌కి మాత్రం నలభై శాతం తప్పున్న కాగితం ఇవ్వలేం.

దారినపోయే_దానయ్య:
సరే, ఒప్పుకున్నా. కానీ ఆ కోర్సుల్లో నాలుగు వందల ఏళ్ల నాటి నాటకాలు, పద్యాలు ఎందుకు? ఉద్యోగంలో పద్యం చదవమంటారా?

మూడో_ఏడు:
నేనూ తిట్టుకున్నాను. ఇప్పటికీ ఆ పాత నాటకాల పేపర్ మీద నాకు ప్రేమ లేదు. ఈ కాలం కథలు మాత్రం నన్ను నిలబెట్టాయి. పైన చెప్పిన ఆబ్లా-ఆబ్లే గొడవ సూత్రాలతో తీరలేదు, కథలు చదివి చదివి తీరింది.

కొత్త_పలక:
అందరికీ చాలా థాంక్స్. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

చదివాక నాకు అర్థమైంది ఇది, తప్పయితే చెప్పండి. చేరుతున్నాను. ఏకలవ్య గారి మాట మీద స్పానిష్ ఒక్కటే కాకుండా జాయింట్ డిగ్రీలోకి మార్చుకుంటున్నాను, రెండో సబ్జెక్టు లా. లెక్కల_పిచ్చి గారి పదకొండు గంటలు చూశాక నిద్ర పట్టలేదు. అందుకే క్లాసు బయట వారానికి మూడు గంటలైనా ఎవరితోనైనా మాట్లాడాలని పెట్టుకున్నాను, మొదటి నెల నుంచే. మూడో ఏడు ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. అక్కా, స్పెయిన్ అయితే మేలా, లాటిన్ అమెరికానా?

మూడో_ఏడు:
ఎక్కడ పని చేద్దామనుకుంటున్నావో అక్కడి స్పానిష్ పట్టుకో. స్పెయిన్‌లో స్నేహితులందరినీ కలిపి "మీరు" అనాలంటే "వోసోత్రోస్" అంటారు, అట్లాంటిక్ దాటితే అందరికీ "ఉస్తేదెస్" ఒక్కటే. అర్జెంటీనాలో "నువ్వు"కి "తు" బదులు "వోస్", దానికి క్రియలు కూడా మారతాయి. ఒకటి బాగా వస్తే మిగతావి చెవికి అలవాటవుతాయి. ముందు "పెరో", "పెర్రో" తేడా పలకడం నేర్చుకో. మొదటిది "కానీ", రెండోది "కుక్క".

కొత్త_పలక:
మన బండి ఱ ఉంది కదా అక్కా, దాన్ని ఇంకాస్త సాగదీస్తే సరిపోతుందనుకుంటా. పొద్దున్నుంచి అదే పని. "ఎవర్ని తిడుతున్నావే?" అని బాబాయి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు.